తేరిన నీళ్లు

పేపరును నేను మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదువుతాను. చావు కబుర్లు, రైళ్ల ఆలస్యాలు, పాత కుర్చీల అమ్మకాలు, ఏదీ వదలను. ఎదిగాక సొంతంగా కూడబలుక్కుని నేర్చుకున్న చదువు కదా, ఒక్క ముక్క వదిలినా ఏదో పోగొట్టుకున్నట్టుంటుంది. మే నెల చివర్లో ఒక పొద్దున, వెర్చెల్లి ఊళ్లో మా వీధి మొగలో ఉన్న కాఫీ బారులో అలా చదువుతుంటే, పదకొండో పేజీలో మా అక్క నిలబడాల్సిన చోటు కనబడింది.

అగ్గిపెట్టెంత బొమ్మ. వరిమడిలో మోకాలి లోతు నీళ్లు. వెడల్పాటి గడ్డి టోపీలు పెట్టుకుని వరుసగా నిలబడ్డ ఆడవాళ్లు. వరుస నడుమ సరిగ్గా ఒక మనిషి పట్టేంత ఖాళీ. కింద ఇలా వేశారు: ఒరెస్తె వియాల్ది, ‘సాయంకాలపు విశ్రాంతి’, కాన్వాసు మీద ఆయిల్ పెయింటింగ్, 1953. జూన్ పద్దెనిమిదిన టోరినోలో వేలం. నంబరు 114.

“విశ్రాంతట,” అన్నాను పైకే.

బారు నడిపే ఎలియో కప్పులు తుడుస్తూ, “ఎవరికి ఇల్దె మామ్మా, విశ్రాంతి?” అన్నాడు.

“నాకేరా. పదహారేళ్లప్పుడు. నీళ్లలో నిలబడి.”

“ఆ వయసు నుంచే బద్ధకమన్నమాట,” అని నవ్వాడు. నేను నవ్వలేదు. అది చూసి కాఫీ మళ్లీ వేడి చేసి తెచ్చాడు.

ఆ ఖాళీకి ఎడమ పక్కన నిలబడ్డది నేనే. ఆ ఏడు మా ఫెర్రారా వైపు పల్లెల నుంచి ఆడవాళ్లమంతా ఎప్పట్లాగే నలభై రోజుల కలుపుకి రైలెక్కి ఇటు వచ్చాం. మా అక్క దిర్చెకి ఇరవై రెండేళ్లు. నాకదే మొదటి కలుపు. మూడో వారంలో మా వరుసలో ఒక చూలాలు కళ్లు తిరిగి నీళ్లలోకి ఒరిగిపోయింది. దిర్చె ఆమెను భుజాన వేసుకుని గట్టెక్కించి, టోపీతో విసురుతూ పక్కన కూర్చుంది. మేస్త్రీని అడగలేదు. అడక్కుండా వరుస వదిలినందుకు మూట కట్టుకోమన్నాడు మేస్త్రీ. మర్నాడు పొద్దున స్టేషనులో దింపి రావడానికి తనే బండి తోలుకుని బయల్దేరాడు.

మడిలోకి దిగేముందు మా ముఠా పెద్ద అర్జియా అందరికీ చెప్పింది. “బండి ఆ పోప్లార్ చెట్ల మలుపు తిరిగేదాకా ఎవరూ తలెత్తకండి. ఎత్తారో, వాడు బండి ఆపి మన మీదికొస్తాడు, అక్కడితో అంతా చెడుతుంది. మలుపు తిరిగాక అందరం ఒక్కసారే నడుం ఎత్తుదాం. దిర్చె వెనక్కొచ్చేదాకా ఒక్క మొక్క ముట్టొద్దు. దాని చోటు దానికి వదిలెయ్యండి.”

బండి గట్టు మీదుగా మా పక్కనుంచే పోయింది. చక్రం కిర్రుమంటూ వెళ్లడం నాకు వినబడుతూనే ఉంది. వంచిన తల వంచినట్టే ఉంచాను. తర్వాత లేచాం. మధ్యాహ్నం గంట కొట్టేదాకా కాలు కదపకుండా నిలబడ్డాం. చూలాలిని పంపెయ్యకుండా వంటపనికి మార్చారు, అదొక్కటి సాధించాం. దిర్చె మాత్రం రాలేదు. రైలు ఎప్పుడో వెళ్లిపోయింది.

కూలి కింద ఇచ్చే బియ్యం మూట లేకుండా ఇంటికి పోవడానికి మొహం చెల్లక అక్క మిలానోలో దిగిపోయింది. అక్కణ్నుంచి బెల్జియం. ఏడాదికి ఉత్తరం వచ్చింది. దాన్ని ఇంకొకరి నోటితో వినడం ఇష్టం లేక నేను అక్షరాలు దిద్దుకున్నాను. ‘బండిలోంచి చూశాను. ఇరవై నడుములూ వంగే ఉన్నాయి. నీది కూడా.’ జరిగిందంతా జవాబు రాశాను. నా చేతిరాత ఎంత వంకరగా ఉందో గానీ, రెండో ఉత్తరంలో ఒక్క ముక్కే ఉంది: ‘నిలబడ్డామని నువ్వంటున్నావు. చూసినవాళ్లెవరు?’ ఆ తర్వాత నేను రాసినవన్నీ విప్పకుండానే తిరిగొచ్చాయి. పన్నెండేళ్ల కిందట అక్క పోయింది. కూతురు జోసియాన్ ఆ సంగతి మాత్రం ఒక కార్డు మీద తెలియజేసి, కింద ఇంకో వాక్యం చేర్చింది: ‘చివర్లో కూడా మీ గురించి అడగలేదు.’ నా ఉత్తరాలు ఆవిడా విప్పదు.

చూసినవాళ్లెవరు? ఆ వరుసలో నిలబడ్డ వాళ్లందరినీ సాగనంపాను, నేనే మిగిలాను. బయటి మనిషి ఒక్కడే చూశాడు. వియాల్ది. అప్పటికి ఎవరూ ఎరగని కుర్రాడు. పేపరుతో చేసిన టోపీ పెట్టుకుని, గట్టు మీద స్టాండు పాతుకుని, “ఒక్క నిమిషం కదలకండమ్మా” అని రోజూ బతిమాలేవాడు. మేం కదులుతూనే ఉండేవాళ్లం. ఆ పొద్దున అతని కోరిక తీరింది. ఆ బొమ్మను మడి యజమానే కొనుక్కుని భోజనాల గదిలో పెట్టుకున్నాడని, పేరు కూడా ఆయనే పెట్టాడని తర్వాత విన్నాం. ఏం పేరో ఇప్పుడు తెలిసింది.

వేలం అయితే బొమ్మ ఎవరింటికో పోతుంది, తలుపు పడుతుంది. పేరు అలాగే మిగిలిపోతుంది. దిర్చె వెళ్లిపోయాక మేం విశ్రాంతి తీసుకున్నామని.

స్టేషన్లంటే నాకు భయం. ప్లాట్‌ఫారం మీద చెయ్యూపే వాళ్లను చూడలేను. అయినా మర్నాడు గంట ముందే వెళ్లి కూర్చుని, టోరినో రైలెక్కాను.

వేలంశాలలో బొమ్మలు జనం చూడడానికి వేలం దాకా గోడలకు పెట్టారు. 114 మూడో గదిలో ఉంది. నేననుకున్నదానికంటే పెద్దది, నా రెండు చేతులూ చాపినంత. ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. అర్జియా గడ్డం, నా చిరిగిన మేజోళ్లు, అన్నీ ఉన్నాయి. పక్కన అచ్చువేసిన కాగితం ఉంది. ‘వరుస నడుమ శూన్యం ఆధునిక మానవుడి ఒంటరితనాన్ని సూచిస్తుంది’ అని రాశారు.

అది రాసిన అమ్మాయిని పిలిపించాను. కొస్తాన్‌జా అని, ముప్పై ఏళ్లుంటాయి. చెప్పులున్నా లేనట్టు నడిచే మనిషి.

“సిన్యోరీనా, అది ఒంటరితనం కాదు. దిర్చె,” అన్నాను.

“దిర్చె అంటే?”

“మా అక్క. అక్కడ నిలబడాలి. లేదు. అందుకే వీళ్లంతా నిలబడ్డారు.”

ఆ అమ్మాయి నన్ను, బొమ్మలో చిరిగిన మేజోళ్ల పిల్లను మార్చి మార్చి చూసింది. కుర్చీ తెప్పించింది. నేను కూర్చోకుండానే అంతా చెప్పాను. ఈలోగా వేలంశాల పెద్ద మస్సూక్కో వచ్చాడు. వెండి జుట్టు, చేతిగుడ్డ జేబులోంచి సరిగ్గా వేలెడు బయటికి.

“ఎంతో హృదయాన్ని తాకే జ్ఞాపకం, సిన్యోరా,” అన్నాడు. “కానీ అమ్ముతున్న కుటుంబం ఈ బొమ్మను మొదటి నుంచీ అలాగే పిలిచింది. కేటలాగు అచ్చయి ఊళ్లు తిరిగింది. మార్చాలంటే కాగితం ఉండాలి.”

“కాగితం లేదు. నీళ్లున్నాయి.”

“నీళ్లా?”

“బొమ్మలో చూడండి. మోకాళ్ల నీడలు నీళ్లలో ఎలా పడ్డాయో. అడుగున మట్టి కూడా కనబడుతోంది. కలుపు తీసే మడిలో నీళ్లు అలా ఉండవు. పాలు కలిపిన కాఫీలా ఉంటాయి. ఒక్క అడుగు వేస్తే మళ్లీ బురద. ఆ నీళ్లు అంత తేరాలంటే మేం ఎంతసేపు కదలకుండా ఉండాలి?”

“సాయంత్రం పని అయ్యాక తేరుకుంటాయేమో.”

“పనయ్యాక ఆ నీళ్లలో ఎవరుంటారండీ, జలగలకు తోడుగా? విశ్రాంతి గట్టు మీద తీసుకుంటారు. మీరు ఎప్పుడైనా మడిలో దిగారా?”

“నేను న్యాయశాస్త్రం చదివాను,” అన్నాడు మస్సూక్కో.

“అదే అనుకున్నా.”

ఆయన గడియారం చూసుకున్నాడు. “చిత్రకారుడు ఊహించి వేసి ఉండొచ్చు కదా సిన్యోరా. కళలో అన్నీ ఉన్నవున్నట్టే ఉండవు.” చెయ్యి కలిపి వెళ్లిపోయాడు.

నేను సంచీ తీసుకుని తలుపు దాకా వచ్చాను. వెనక నుంచి కొస్తాన్‌జా వచ్చింది.

“ఆ వేసవిలో వియాల్ది వేసిన వరిమడులు ఇంకో రెండున్నాయి,” అంది మెల్లగా. “రెండూ మ్యూజియంలో చూశాను. వాటిల్లో నీళ్లు మట్టి రంగే. కాళ్లు పిక్కల దగ్గరే మాయమైపోతాయి. ఇందులో మాత్రం ఎందుకు తేటగా వేశాడా అని నాకూ అర్థం కాలేదు. ఏదో కవిత్వమనుకున్నా.”

“ఆ కుర్రాడికి కవిత్వం రాదమ్మా. నా ముందు పన్ను విరిగితే విరిగినట్టే వేశాడు.”

“నిజంగా ఎంతసేపు పడుతుంది, తేరడానికి?”

“నేను చెప్తే నమ్ముతావా? ఆదివారం రా. చెప్పులు మంచివి వేసుకోకు.”

వచ్చింది, తన కారులోనే. పొద్దున ఎనిమిదికి నన్ను ఎక్కించుకుని ఊరి బయట మడుల దగ్గరికి తీసుకెళ్లింది. ఇప్పుడు కలుపు చేతులతో ఎవరూ తీయరు, మందు కొడతారు. కానీ నీళ్లు అవే నీళ్లు, మట్టి అదే మట్టి. నేను బూట్లు విప్పి, లంగా మోకాళ్ల పైకి దోపి దిగాను. మడమలు బురదలోకి దిగగానే ఒళ్లంతా చల్లగా అయింది. ఎనభై ఐదేళ్ల కాళ్లు, అయినా గుర్తుపట్టాయి.

“మీరు ఇంక ముందుకెళ్లకండి, పడిపోతే నేనేం చెయ్యాలి?” అని కొస్తాన్‌జా భయపడుతూనే పాంటు మడిచి దిగింది. కాలిగోళ్లకు ఎర్ర రంగు.

“వంగు. మొక్కల మధ్య వేళ్లు పెట్టి లాగుతూ ముందుకు నడువు. ఇంకా. అలా బాతులా కాదు.”

ఇరవై అడుగులు నడిచి తిరిగొచ్చేసరికి నీళ్లు పాలకాఫీ అయిపోయాయి. “ఇప్పుడు లేచి నిలబడు,” అన్నాను. “కాలు కదపకు. గడియారం చూసుకో.”

ఎనిమిదీ నలభై.

పావుగంట నేనూ పక్కనే నిలబడ్డాను. తర్వాత నడుం పట్టేసింది. కొస్తాన్‌జా నన్ను గట్టు మీదికి పొమ్మని గదమాయించింది. అక్కడ కూర్చుని చెపుతూ పోయాను: దిర్చె రెండు ఉత్తరాలు, జోసియాన్ కార్డు, తిరిగొచ్చిన నా కవర్లు. కొస్తాన్‌జా కదలకుండా విన్నది. ఒకసారి మాత్రం, “మరి మీరెందుకు ఒక్కసారైనా తల ఎత్తలేదు? మీ అక్క కదా,” అంది.

“అర్జియా వద్దంది.”

“అంతేనా?”

“భయం కూడా. ఎత్తితే అక్క మొహం చూడాలి.” గట్టు మీది గడ్డి పీకుతూ అన్నాను. “అది మస్సూక్కోకి ఇచ్చే కాగితంలో రాయకు.”

“రాయను.”

తొమ్మిదిన్నరకు ట్రాక్టరు మీద రైతు వచ్చి ఆపాడు. “కప్పలు పడుతున్నారా?”

“కాదు,” అంది కొస్తాన్‌జా. “నిలబడ్డాను.”

“ఎందుకు?”

“ఎంతసేపు నిలబడాలో చూద్దామని.”

ఆయన నా వైపు చూశాడు, ఈ పిల్ల బాగానే ఉందా అన్నట్టు. “టోరినో అమ్మాయి,” అన్నాను. అర్థమైనట్టు తలాడించి ట్రాక్టరు పోనిచ్చాడు.

పదిన్నరయింది. నీళ్లు పసుపు రంగుకొచ్చాయి. ఆమె పెదవులు బిగపట్టింది, నడుం నొప్పి నాకు తెలుసు. “చాల్లే, పైకి రా, అర్థమైందిగా,” అన్నాను.

“ఇంకా గోళ్లు కనబడలేదు.”

పదకొండుకు ఇంకా అయిదు నిమిషాలుందనగా, “కనబడ్డాయి,” అంది. నేను వంగి చూశాను. ఎర్ర గోళ్లు పది, కింద మట్టి, పైన ఆమె మోకాళ్ల నీడ, అచ్చం బొమ్మలో ఉన్నట్టే. రెండుంపావు గంటలు.

కాలు తియ్యగానే అంతా మళ్లీ బురద.

“ఎవరూ రెండుంపావు గంటలు ఇలా విశ్రాంతి తీసుకోరు,” అంది గట్టెక్కి, పిక్క మీంచి జలగను పీకుతూ. ఏడవలేదు, అరవలేదు. అప్పుడు నాకు ఆ పిల్ల మీద నమ్మకం కుదిరింది. ఇంటికి తీసుకెళ్లి చిక్కుడు గింజలేసి వండిన అన్నం పెట్టాను. రెండుసార్లు వడ్డించుకుంది.

ఒక పేజీ రాసింది. మ్యూజియం బొమ్మల ఫొటోలు, మడిలో తీసిన ఫొటోలు, నా సంతకం. మస్సూక్కో చదివి, “సరే, కేటలాగు మారదు గానీ, వేలానికి ముందు సవరణ చదువుతాను,” అన్నాడట. ఆ మాట ఫోనులో చెప్పి, “కానీ మీరు రండి మామ్మా,” అంది కొస్తాన్‌జా. “ఆయన మర్చిపోయే మనిషి.”

పద్దెనిమిదో తారీకు ముందు వరుసలో కూర్చున్నాను. గది నిండుగా ఉంది. గోడవార బల్ల దగ్గర కొస్తాన్‌జా, ఇంకో నలుగురు ఫోన్లు పట్టుకుని ఉన్నారు, దూరం నుంచి కొనేవాళ్ల కోసం. మస్సూక్కో చిన్న సుత్తి పట్టుకుని చకచకా నడిపిస్తున్నాడు. 112 పోయింది. 113 పోయింది. బూడిద రంగు చేతితొడుగులు వేసుకున్న ఇద్దరు మనుషులు మా వరుసను మోసుకొచ్చి స్టాండు మీద పెట్టారు. సవరణ కాగితం ఆయన ఎదుటే బల్ల మీద ఉంది. నాకు కనబడుతోంది.

“నూట పద్నాలుగు. వియాల్ది తొలినాళ్ల అపురూపమైన పని. సాయంకాలపు విశ్రాంతి. మొదలు పెడదాం, పద్దెనిమిది వేల యూరోలు...”

నేను లేచి నిలబడ్డాను.

నా చేతికర్రను కుర్చీకి ఆనించి, చేతులు రెండూ కిందికి వదిలి నిలబడ్డాను. వెనకవాళ్లకు బొమ్మ కనబడకుండా అడ్డమయ్యానేమో, గొణుగుడు మొదలైంది.

“సిన్యోరా, దయచేసి కూర్చోండి,” అన్నాడు మస్సూక్కో.

“ఫరవాలేదండీ. విశ్రాంతి తీసుకుంటున్నాను.”

ఎవరో నవ్వారు. ఆయన మొహం ఎర్రబడింది. “ఒంట్లో బాగాలేదా?”

“బాగానే ఉంది. మేం ఇలాగే తీసుకుంటాం, విశ్రాంతి. రెండుంపావు గంటలు. మీరు కానివ్వండి.”

గోడవార కుర్చీ జరిగిన చప్పుడు. కొస్తాన్‌జా ఫోను బల్ల మీద పెట్టి లేచి నిలబడింది. గదిలో గొణుగుడు ఆగిపోయింది. వెనకనుంచి ఒక మగగొంతు, “ఆ కాగితంలో ఏముందో చదవండి, ఏం కొంటున్నామో మాకూ తెలియాలిగా,” అంది.

మస్సూక్కో సుత్తి పక్కన పెట్టి, కళ్లద్దాలు సర్దుకుని కాగితం తీశాడు. ఆ గొంతు మంచి గొంతు, ఒప్పుకోవాలి. ప్రతి మాటా గది చివరి దాకా వెళ్లింది.

“సవరణ. ఈ బొమ్మలో ఉన్నది విశ్రాంతి కాదు. తోటి మనిషిని పనిలోంచి తీసేసినందుకు కలుపు ఆపి, పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా నిలబడ్డ ఆడవాళ్లు. తేరిన నీళ్లు అందుకు సాక్ష్యం. వరుసలో ఖాళీ దిర్చె బ్రెగోలిది. ఆమె తిరిగి వస్తుందని ఆ చోటు ఉంచారు.”

అప్పుడు కూర్చున్నాను.

బొమ్మ ఫోను మీద పోయింది. ఎవరు కొన్నారో, ఏ ఊరో చెప్పరు. చేతితొడుగుల మనుషులు దాన్ని పక్కకు తిప్పి తలుపులోంచి తీసుకెళ్లారు. ముందు అర్జియా వెళ్లింది, తర్వాత నేను, తర్వాత ఆ ఖాళీ, తర్వాత మిగతా వాళ్లు. ఈసారి తల వంచలేదు. తలుపు మూసేదాకా చూశాను.

కొస్తాన్‌జా సవరణ కాగితం మీద వేలంశాల ముద్ర వేయించి నాలుగు ప్రతులు ఇచ్చింది. బొమ్మ ఫొటో ఒకటి. మర్నాడు పోస్టాఫీసులో కవరు మీద జోసియాన్ అడ్రసు రాసి, పైకి రెండుసార్లు చదువుకుని, లోపల ఒక ప్రతి, ఆ ఫొటో, వాటితో ఒక చీటీ పెట్టాను. ‘మీ అమ్మ అడిగింది చూసినవాళ్లెవరని. ఇదిగో. బండి వెళ్లేటప్పుడు నేను తల వంచుకునే ఉన్నాను, అది నిజం. తర్వాత లేచాను, ఇదీ నిజం. ఎడమ పక్క చిరిగిన మేజోళ్లు నావి.’

“రిజిస్టరు చెయ్యాలా?” అంది కౌంటరులో అమ్మాయి.

“చెయ్యి.”

“అడ్రసులో ఎవరూ తీసుకోకపోతే మీకే తిరిగొస్తుంది, పదిహేను రోజులకు.”

“రానీ,” అన్నాను. “బెల్జియం రైలు ఏ పూట ఉందో కూడా కాస్త చూసిపెట్టు. తిరిగొస్తే నేనే పట్టుకెళ్తాను.”